కుమోర్థిన్ లోయలో మాకు దారి చూపిన పెద్దావిడకు

అమ్మా, ఉత్తర వేల్స్‌లో బ్లైనై ఫెస్టీనియోగ్ దగ్గరి కుమోర్థిన్ లోయలో మాకు తోడొచ్చినందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. జియోకాషింగ్ (ఎవరో దాచిన డబ్బాను జీపీఎస్ సాయంతో వెతికే ఆట) డబ్బా కోసం పాత పలకరాయి గనుల శిథిలాల్లో వెతుకుతుంటే ఒక్కసారిగా పొగమంచు కమ్మేసింది. నాకు ఒకటే టెన్షన్. నిటారు కొండల మధ్య జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. అక్కడేమో కప్పులేని కార్మికుల ఇళ్లు, వదిలేసిన సొరంగాలు. మీరు మీ నడక మానుకుని, రాళ్ల గుట్టలకు దూరంగా, చెరువు పక్క దారిలో మమ్మల్ని కిందిదాకా దించారు. పిల్లలకు మీ ఫ్లాస్కులోని వేడి టీ పోశారు. ఆ పలకరాయి సీమకు 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కిందని మీరు ఎంత గర్వంగా చెప్పారో! పిల్లలు భయం మరిచిపోయి విన్నారు. ఆ హడావిడిలో మీ పేరు అడగడం కుదరలేదు. మీరు చల్లగా ఉండాలమ్మా.