చివరి పేరా నీకు మాత్రమే

ఇర్వింగ్, టెక్సాస్

అన్నయ్యా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. వెనకాల మీ చిన్నోడు "నాకంటే ఆరు నెలలు చిన్నది, మరదలు కారు నడుపుతోంది. నాకు యాక్టివా ఇస్తే ఏం పోయింది?" అని అరవడం కూడా వినిపించింది. ఫోన్‌లో వాడితో వాదించి గెలవలేను కాబట్టి రాస్తున్నాను. వాడికి చదివి వినిపించు, చివరి పేరా తప్ప.

మా పిల్లకి 15 ఏళ్లకు లెర్నర్స్ లైసెన్స్ వచ్చింది. అది కనీసం ఆరు నెలలు చేతిలో ఉండాలి, 16 నిండాలి, అప్పుడే అసలు టెస్ట్. డ్రైవింగ్ స్కూల్‌కి బదులు తల్లిదండ్రులు కూడా నేర్పొచ్చు ఇక్కడ. డబ్బులు మిగులుతాయని సరే అన్నాను, నా బుద్ధి తక్కువై. క్లాసు పాఠాలు వేరు, ప్రాక్టీస్ ఒక్కటే 30 గంటలు, అందులో 10 గంటలు చీకటి పడ్డాక. ఏ రోజు ఎన్ని నిమిషాలు నడిపిందో కాగితం మీద రాసిపెట్టాలి. పక్క సీట్లో నేను. నా వైపు బ్రేక్ ఉండదని తెలుసు, అయినా కాలు ఊరుకోదు. ఉత్త మ్యాట్‌ని తొక్కి తొక్కి మొదటి వారమే కుడి పిక్క పట్టేసింది.

నాలుగు వైపులా స్టాప్ బోర్డులుండే చౌరస్తాలో ఎవరు ముందొచ్చి ఆగితే వాళ్లు ముందు కదలాలి. ఇదేమో అందరికీ దారిచ్చి అక్కడే కూర్చునేది. "పోవే" అని అరిస్తే, "నువ్వు అరవకపోతే పోతాను మమ్మీ" అంది. మన హైదరాబాద్ వీఎస్‌టీ చౌరస్తాలో ఇలా నిలబడితే సాయంత్రం దాకా అక్కడే ఉంటుందని నవ్వొచ్చింది. టెస్ట్‌కి ముందు రెండు గంటల వీడియో చూసి సర్టిఫికెట్ కూడా తీసుకుపోవాలి. ఫోన్ చూస్తూ నడిపితే ఏమవుతుందో అందులో చూపిస్తారు. అది చూసిన రోజు అన్నం సరిగ్గా తినలేదు పిల్ల.

ప్యారలల్ పార్కింగ్‌లో ఒకసారి తప్పి, రెండోసారి పాసైంది. లైసెన్స్ కార్డు నిలువుగా ఉంటుంది, 21 నిండని వాళ్లకు అంతే. 18 దాకా రాత్రి పన్నెండు నుంచి ఐదు వరకు నడపకూడదు. ఇంట్లోవాళ్లు కాకుండా 21 లోపు వాళ్లను ఒక్కరినే ఎక్కించుకోవాలి. ఇన్సూరెన్స్ ఎంత పెరిగిందో మీ బావకు చెప్పొద్దన్నాను, చూసేశాడు.

ఇంత అవస్థ ఎందుకంటే, ఇక్కడ కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా రాదు. చిన్నోడికి మెట్రో ఉంది, బస్సుంది, నువ్వున్నావు. మన దగ్గర 16 ఏళ్లకు లైసెన్స్ ఇచ్చేది గేర్లు లేని 50 సీసీ బండికే. యాక్టివా అంతకు రెట్టింపు పైనే. బండి నీ పేరు మీదుంది, గుర్తుంచుకో. 2019లో చట్టం మార్చాక, మైనర్ బండి నడిపి ఏదైనా చేస్తే శిక్ష పెద్దవాళ్లకే: 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. వాడికి 25 నిండేదాకా లైసెన్స్ ఇవ్వరు. అందరూ నడుపుతున్నారు అంటాడు, నిజమే. పట్టుబడిన రోజు ఆ అందరూ స్టేషన్‌కి రారు.

18 నిండిన వారమే ఎల్‌ఎల్‌ఆర్‌కి (అదే, లెర్నర్స్ లైసెన్స్‌కి) స్లాట్ బుక్ చేయించు. నెల రోజులాగి, ట్రాక్ మీద తనే 8 వేసి లైసెన్స్ తెచ్చుకోవాలి. ఏజెంట్ సంగతి ఎత్తకు. హెల్మెట్ నేను కొంటాను.

ఇక నీకు. నాన్న చేతక్ తాళం తీసుకుని నువ్వు రాంనగర్ చేపల మార్కెట్ దగ్గర పడ్డప్పుడు నీకు పదిహేనేళ్లు. బాత్రూంలో జారాడని అమ్మకు చెప్పింది నేను. పసుపు అద్దింది నేను. నా చేతికి స్కూటర్ ఎవరూ ఇవ్వలేదు, అది వేరే సంగతి. ఎడమ మోకాలి మీద మచ్చ వాడు ఎప్పుడైనా అడిగితే ఈసారి నిజం చెప్పు. నోరు మూసుకున్నందుకు రోజుకో ఫైవ్ స్టార్ చాక్లెట్ అన్నావు, మూడు రోజులిచ్చి ఎగ్గొట్టావు. డిసెంబర్‌లో వస్తున్నాను, లెక్క చూసుకుందాం.

నీ చెల్లెలు