ఇల్లందు పిల్లల చేతిలో ఒక రాయి పెట్టండి

తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా నాన్న ఇల్లందు బొగ్గుబావిలో పనిచేశారు. ఒక తెల్లవారుజామున రాత్రి షిఫ్టు దిగి వస్తూ, అన్నం డబ్బాలో అరచేతంత నల్లరాయి తెచ్చి నా చేతిలో పెట్టారు. దాని మీద ఒక ఆకు అచ్చు. నడి ఈనె, పక్క ఈనెల వల, అంతా స్పష్టంగా ఉంది. బడికి తీసుకెళితే మాస్టారు ఎవరో చెక్కి ఉంటారన్నారు. ఆయనకు మాత్రం ఎవరు చెప్పారు కనుక! అది పెర్మియన్ కాలపు గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకని, పాతిక కోట్ల ఏళ్లకు పైబడిందని నాకు తెలిసేసరికి పదేళ్లు గడిచాయి.

ఆ రాయి దొరికిన బొగ్గు పొరను నాన్న 'కింగ్ సీం' అనేవారు. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించిన భారత భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ పేరు మీద వచ్చిన మాట అది. ఆయన తండ్రి పేరూ విలియం కింగే. ఈ లేఖ ఆ తండ్రి గురించి, మా బడి పిల్లల చేతికి అందాల్సిన రాళ్ల గురించి.

పెద్ద కింగ్ 1809లో ఇంగ్లండులోని సండర్లాండ్ ప్రాంతంలో పుట్టారు. విశ్వవిద్యాలయ చదువు లేదు, సొంతంగా నేర్చుకున్న మనిషి. న్యూకాజిల్ మ్యూజియం బాధ్యతలు చూస్తూ అక్కడి పెద్దలతో పడక ఆ ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1849లో ఐర్లండులోని గాల్వేలో క్వీన్స్ కాలేజీ తెరిచినప్పుడు తొలి భూగర్భశాస్త్ర ఆచార్యులయ్యారు. మరుసటి ఏడాదే ఇంగ్లండు పెర్మియన్ శిలాజాల మీద ఆయన గ్రంథం వెలువడింది. తండ్రి పరిశోధించి గ్రంథం రాసిన పెర్మియన్ కాలానికి చెందిన బొగ్గే కొడుక్కి మా ఇల్లందులో దొరికిందన్న మాట. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

జర్మనీలోని నియాండర్ లోయలో 1856లో బయటపడిన పుర్రెను, అచ్చు పోసిన నమూనా చూసి పరిశీలించి, అది మనలాంటి మనిషిది కాదని, వేరే జీవజాతిదని 1863లో ధైర్యంగా ప్రకటించింది ఆ పెద్ద కింగే. 'హోమో నియాండర్తాలెన్సిస్' అన్న పేరు ఆయన పెట్టిందే. ఆ జాతికి ఆలోచన లేదనుకోవడం మాత్రం ఆయన పొరపాటు. పేరు నిలిచింది, ఆ అభిప్రాయం నిలవలేదు. 1883 దాకా పాఠాలు చెప్పి, 1886లో కన్నుమూశారు. ఆయన కూడబెట్టిన రాళ్లు, శిలాజాలు ఈనాటికీ గాల్వే విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉన్నాయి.

అక్కడ ఆచార్యుడి రాళ్లను అంత భద్రంగా చూసుకుంటున్నారు. ఇక్కడ కొడుకు పేరు మోసే పొర మీద పెరిగిన పిల్లలకు మాత్రం బొగ్గంటే కరెంటు, ఉద్యోగం, ఊపిరితిత్తుల జబ్బు. అవన్నీ నిజాలే. కానీ తమ కాళ్ల కింద ఒకప్పుడు అడవి ఉండేదని ఆ పిల్లలకు ఎవరు చెప్పాలి?

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు, రామగుండం, మందమర్రి ప్రభుత్వ బడులకు తలా ఒక చెక్కపెట్టె ఇప్పించండి. అందులో బొగ్గు, ఇసుకరాయి, ఆకు అచ్చులున్న పలకరాళ్లు ఉండాలి. ఏ రాయి ఏ బావిలో ఎంత లోతున దొరికిందో తెలుగులో రాసిన చీటీ ఒక్కోదానికి అంటించాలి. తండ్రీకొడుకుల కథ ఒక పాఠంగా చేర్చండి. ఉపాధ్యాయులకు రెండు రోజుల శిక్షణ ఇప్పించండి. అద్దాల బీరువాలో పెట్టి తాళం మాత్రం వేయవద్దని ఉత్తర్వులోనే రాయించండి.

నాన్న తెచ్చిన రాయి నా దగ్గరే ఉంది. ఇల్లందు బడి పెట్టెలోకి దాన్ని నేనే తెచ్చి ఇస్తాను.

భవదీయుడు,
ఒక గని కార్మికుడి కొడుకు, భూగర్భశాస్త్ర అధ్యాపకుడు