వెనక్కి వచ్చిన ఏడు ఇంటర్‌ఫేస్‌ల సంగతి

దసరా నుంచి సంక్రాంతి లోపల మన విజయవాడ గవర్నర్‌పేట షాపులో అమ్మిన ఆడియో ఇంటర్‌ఫేస్‌లలో, అంటే గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే చిన్న డబ్బాల్లో, ఏడు వెనక్కి వచ్చాయి. సౌండ్ లేటుగా వస్తోందని కొందరు, గుయ్యిమంటోందని కొందరు, మీరు చెప్పిన ఆంప్ (గిటార్ సౌండ్‌ని పెంచి, దానికో రంగు ఇచ్చే స్పీకర్ పెట్టె) సౌండ్ ఇందులో ఎక్కడా లేదని కొందరు. రెండింటిని ఫాల్టీ పీసులని డిస్ట్రిబ్యూటర్‌కి పంపాను. లోపమేమీ లేదని చీటీ రాసి పది రోజులకి తిప్పి పంపారు. మిగతా ఐదింటినీ కౌంటర్ మీద పెట్టి నా గిటార్‌తో చూశాను, అన్నీ శుభ్రంగా పలికాయి. అయినా తప్పు నాదని ఒప్పుకోవడానికి తెనాలి నుంచి ఒక కుర్రాడు బస్సెక్కి రావాల్సి వచ్చింది.

చర్చిలో లీడ్ గిటార్ వాయిస్తాడు. క్రిస్మస్‌కి సొంత పాట రికార్డు చేసుకుందామని నవంబర్‌లో కొన్నాడు. "అన్నా, ఒకసారి మీటితే రెండుసార్లు వినపడుతోంది" అని ఫోన్ చేస్తే, డ్రైవర్ తీసేసి మళ్లీ వేయమన్నాను. మళ్లీ చేశాడు, మళ్లీ అదే చెప్పాను. దసరా దాటాక సీజన్ కదా, ఇంకో చెవికి ఇంకో ఫోన్ ఉంది నాకు. చివరికి లాప్‌టాప్, గిటార్ సంచీలో పెట్టుకుని వచ్చేశాడు. చూస్తే డబ్బా ముందున్న డైరెక్ట్ మానిటర్ బటన్ ఆన్‌లో ఉంది. దానివల్ల గిటార్ అసలు సౌండ్ నేరుగా హెడ్‌ఫోన్స్‌లోకి వస్తుంది, ఆంప్ సాఫ్ట్‌వేర్ నుంచి తిరిగొచ్చే సౌండ్ దాని వెనకాల వస్తుంది. అందుకే రెండు. బటన్ నొక్కి ఆపాను. సెట్టింగ్స్‌లో కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్ (సౌండ్‌ని ఆలస్యం లేకుండా నడిపేది) బదులు విండోస్ మామూలు డ్రైవర్ ఉంది, బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకి పోగుచేసుకునే సౌండ్ ముక్క సైజు, 1024 దగ్గర ఉంది. అవీ మార్చాను. మొత్తం నాలుగు నిమిషాలు. మూడు వారాలు ఆ నాలుగు నిమిషాల కోసం తిప్పించుకున్నాను అతన్ని. ఒక్క మాట అనలేదు, "థాంక్స్ అన్నా" అని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. అతని పాట క్రిస్మస్‌కి రాలేదు, జనవరి ఒకటికి వచ్చింది.

ఆ 1024 లెక్క ఏమిటో కొనేటప్పుడే చెప్పాల్సింది. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తుంటే 1024 శాంపిల్స్ బఫర్ అంటే 21 మిల్లీ సెకన్లు. అదీ ఒక వైపుకే. లోపలికి వెళ్లి బయటికి రావాలంటే నలభై దాటుతుంది, వేళ్లు ఒక చోట, పాట ఒక చోట ఉంటాయి. 128 పెడితే ఒక వైపు 2.7 మిల్లీ సెకన్లే. గాలిలో శబ్దం ఒక మీటరు రావడానికే సుమారు మూడు మిల్లీ సెకన్లు పడుతుంది. స్టేజీ మీద ఆంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడితే తొమ్మిది మిల్లీ సెకన్ల ఆలస్యం ఉన్నట్టే, ఎవరూ పట్టించుకోరు. కాబట్టి వాయించేటప్పుడు 128 లేదా 64, టపటపా చప్పుళ్లు వస్తే 256. వాయించడం అయిపోయి మిక్సింగ్ చేసుకునేటప్పుడు 1024 పెట్టుకున్నా పర్లేదు.

ఇంకో తప్పు నా నోటిది. "ఇది పెట్టుకుంటే ఆంప్ అక్కర్లేదు" అని అందరికీ చెప్పాను. విన్నవాళ్లు ఆంప్ ఆ డబ్బాలోనే ఉందనుకున్నారు. మామూలు ఇంటర్‌ఫేస్ గిటార్ సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అందిస్తుంది, అంతే. ఆంప్ మోడలింగ్, అంటే ఆంప్ సౌండ్‌ని అనుకరించే పని, కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో కూడా డిస్టార్షన్ (సౌండ్‌ని గరగరలాడించేది) ఒక్కటే పెట్టి క్యాబినెట్ (ఆంప్ స్పీకర్ పెట్టె అనుకరణ) ఆపేస్తే తేనెతుట్టె కదిలినట్టు ఉంటుంది. ఎందుకంటే గిటార్ ఆంప్‌లో ఉండే పన్నెండంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక పై శబ్దాలను బాగా కోసేస్తుంది. ఆ కోత లేని డిస్టార్షన్ చెవులు కొరుకుతుంది. స్పీకర్ చేసే ఆ పని కోసమే ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్) ఫైళ్లు ఉన్నాయి. ఖరీదైన ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగిలించుకునే ఆంప్ సాఫ్ట్‌వేర్) కొనాలని కూడా లేదు. స్టీవెన్ అట్కిన్సన్ మొదలుపెట్టిన న్యూరల్ ఆంప్ మోడలర్ పూర్తిగా ఉచితం. నిజమైన ఆంప్‌ల రికార్డింగ్‌ల మీద న్యూరల్ నెట్‌వర్క్‌కి శిక్షణ ఇచ్చి తయారుచేసే మోడల్స్ అందులో నడుస్తాయి, జనం నెట్‌లో ఉచితంగానే పంచుకుంటున్నారు. దీనివల్ల నాకు రూపాయి రాదు, అందుకేనేమో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఇంటర్‌ఫేస్ అంటగట్టడం కూడా మానేస్తున్నాను. వాళ్లకి యూఎస్‌బీ ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ నయం. ఆంప్ లెక్కలన్నీ దానిలోనే జరుగుతాయి, మీరు వినేది నేరుగా దాన్నుంచే, కంప్యూటర్ రికార్డు చేసుకుంటే చాలు. కొత్త ఐడియా ఏమీ కాదు. లైన్ 6 వాళ్ల ఎర్రటి చిక్కుడు గింజ ఆకారం పాడ్ వచ్చిందే 1998లో. మంచి లాప్‌టాప్ ఉంటే మాత్రం ఇంటర్‌ఫేస్‌కే నా ఓటు. గిటార్ ముడి సౌండ్ ట్రాక్‌లో అలాగే ఉంటుంది, రాత్రి పదకొండుకి హెడ్‌ఫోన్స్‌లో వాయించింది తెల్లారి నచ్చకపోతే మళ్లీ వాయించక్కర్లేదు, ఆంప్ మార్చుకుంటే సరిపోతుంది.

గుయ్యిమనే గోల సంగతి. వెనక్కి వచ్చినవాటిలో మూడు ఇందుకే వచ్చాయి. ఒకరిది రెండు పిన్నుల లాప్‌టాప్ ఛార్జర్, పీకేసి బ్యాటరీ మీద పెడితే పోయింది. ఒకరింట్లో మూడు పిన్నుల ప్లగ్గే ఉంది గానీ గోడలో ఎర్తింగ్ లేదు. మూడోది ఫ్యాన్ రెగ్యులేటర్. తిప్పే రకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ దగ్గర సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే ఒంటి చుట్ట) ఉన్న గిటార్ పెడితే జుయ్యిమంటుంది, ఫ్యాన్ ఫుల్లు పెడితే తగ్గుతుంది. మన ఎండల్లో ఫుల్లు పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు గానీ, ఆ గాలి చప్పుడు గాయకుడి మైకులో పడుతుంది, అది వేరే బాధ.

ఇకనుంచి గిటార్, లాప్‌టాప్ రెండూ తెచ్చి షాపులో ఒక పది నిమిషాలు వాయించి చూసుకుంటే తప్ప ఇంటర్‌ఫేస్ ఇవ్వను. ఊరి నుంచి రాలేనివాళ్లకి వీడియో కాల్‌లో సెట్ చేసి చూపిస్తా, డబ్బా మీది ఇన్‌స్ట్రుమెంట్ బటన్ (గిటార్‌ని నేరుగా పెట్టడానికి) నొక్కడం దగ్గర్నుంచి. అది నొక్కకపోతే గిటార్ మొద్దుగా, పీలగా వస్తుంది, ఆ ఫిర్యాదులు కూడా విన్నాను. పదిహేను రోజుల్లో నచ్చకపోతే డబ్బు వెనక్కి. ఏడెనిమిది వందల గిటార్ కేబుల్, అదే ఒక చివర యూఎస్‌బీ ఉండేది, ఇక తెప్పించను. ఏసియో డ్రైవర్ లేదు, గోల ఎక్కువ. మిగిలిన నాలుగూ అడిగినా అమ్మను. వెనక్కి వచ్చిన ఏడూ ఓపెన్ బాక్స్ అని చీటీ అంటించి తక్కువ ధరకి పెట్టాను.

ఫోన్‌లో నా మాట విని డ్రైవర్ మళ్లీ వేసుకున్నవాళ్లు ఇంకా కొందరు ఉంటారు. మంగళవారం, శనివారం సాయంత్రం అయిదు తర్వాత ఈ పని మీదే కూర్చుంటా, ఖర్చేమీ లేదు. వచ్చేటప్పుడు లాప్‌టాప్ ఛార్జర్ కూడా తెండి.