మారులా నూనె ఈసారి తక్కువే, ధర కూడా పెంచాం

జోహన్నెస్‌బర్గ్, ప్రిటోరియాల్లో మా దగ్గర ఎప్పుడూ కొనేవాళ్లకీ, సెలవులకి ఇండియా వెళ్తూ అత్తగారికీ వదినలకీ సీసాలు పట్టుకెళ్లేవాళ్లకీ ఈ కబురు. మారులా అంటే ఇక్కడి అడవి చెట్టు, దాని కాయల టెంకల్లోంచి తీసే నూనె ఇది. 30 మిల్లీలీటర్ల సీసా ఈ నెల నుంచి 220 ర్యాండ్లు. ఇంతకుముందు 180. పెద్ద సీసా ప్రస్తుతానికి ఆపేశాం.

"ఫిబ్రవరిలో ఉత్తరాన లింపోపో రాష్ట్రానికి వెళ్తే మారులా చెట్ల కింద పళ్లు రాలి పడి ఉంటాయి కదా, మీకు నూనె దొరకదేంటి?" అని చాలామంది అడుగుతున్నారు. నిజమే, పళ్లకి కొదవ లేదు. జనవరి నుంచి మార్చి దాకా కాయ పచ్చిగానే రాలి, నేలమీద పండుతుంది. కానీ నూనె ఉండేది గుజ్జులో కాదు, టెంక లోపలి పప్పులో. సీజన్‌లో ఊళ్లో ఆడవాళ్లకి గుజ్జు పనే సరిపోతుంది. అక్కడి త్సోంగా తెగవాళ్ల ఇళ్లలో దాన్ని పులియబెట్టి ఉకాన్యి అనే నాటు బీరు చేస్తారు, చుట్టుపక్కలవాళ్లని పిలిచి పోస్తారు. మన ఆర్డరు ఆ తర్వాతే. టెంకలు బాగా ఎండాలి. ఒక్కొక్కటీ రాయి మీద పెట్టి కొట్టాలి. గట్టిగా కొడితే పప్పు చితుకుతుంది, మెల్లగా కొడితే టెంక పగలదు. ఇంతా చేస్తే లోపల ఉండేవి రెండో మూడో చిన్న పప్పులు! మన అడవుల్లో సారపప్పు తీసేవాళ్లని చూసినవాళ్లకి ఈ కష్టం చెప్పక్కర్లేదు. సార, మామిడి, జీడిమామిడి, మారులా అన్నీ ఒకే కుటుంబం మరి.

ఈసారి పప్పు తీసే ఆడవాళ్లు కూలి పెంచమన్నారు, పెంచాం. పెరిగిన ధరలో ఎక్కువ భాగం అదే. ఒక వ్యాపారి రంగూ వాసనా తీసేసిన నూనె సగం ధరకే ఇస్తానన్నాడు. అందులో ఏం కలిసిందో కాగితం చూపించమంటే మాట దాటేశాడు. వద్దన్నాం.

ఇక జుట్టు సంగతి. ఈ నూనెతో కొత్త జుట్టు మొలుస్తుందని మేం చెప్పం, ఎవరైనా చెబితే నమ్మకండి. ఇందులో ఒలీయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం 70 శాతం దాకా ఉంటుంది, అందుకే తొందరగా మక్కు వాసన రాదు. ఇక్కడి చలికాలంలో పగిలే చేతులకీ మడమలకీ బాగా పనిచేస్తుంది. నమీబియా ఉత్తరాన ఒవాంబో తెగవాళ్ల ఇళ్లలో మారులా నూనెని కోడికూరలో కూడా వేస్తారు. మా సీసా మాత్రం ఒంటికి రాసుకోవడానికే. జీడిపప్పు పడనివాళ్లు ముందు డాక్టర్ని అడిగి వాడండి.

మారులా చెట్టు బెరడు కావాలని కొందరు అడిగారు. విరేచనాలకి బెరడు కషాయం తాగడం ఇక్కడి పాత వైద్యమే. కానీ 1998 నాటి దక్షిణాఫ్రికా అడవుల చట్టం కింద ఈ చెట్టు రక్షిత వృక్షం. లైసెన్సు లేకుండా కొట్టకూడదు, గాయపరచకూడదు. కాబట్టి అమ్మం. మొక్కలూ అమ్మం. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు, పూత వచ్చేదాకా ఏదో తెలియదు. పైగా లేత మొక్క జోహన్నెస్‌బర్గ్ మంచుకి తట్టుకోదు.

ఈ పళ్లు తిని ఏనుగులు మత్తుగా తూలుతున్నాయనే వీడియో మళ్లీ తిరుగుతోంది. దయచేసి నాకు పంపకండి. 2006లోనే శాస్త్రవేత్తలు లెక్క కట్టి, అంత పెద్ద జంతువుకి మత్తెక్కడం దాదాపు అసాధ్యమని తేల్చారు. ఈ పళ్లతో చేసే అమరులా అనే మద్యం, ఏనుగు బొమ్మ ఉన్న ఆ సీసా కూడా మా దగ్గర దొరకదు, మాకు మద్యం లైసెన్సు లేదు.

మారులా పండ్ల జెల్లీ కావలసినంత ఉంది, పాత ధరే. పచ్చి మారులా పండులో నారింజని మించి విటమిన్ సి ఉంటుంది గానీ, ఉడికించి చక్కెర పోసిన జెల్లీని ఆ లెక్కన తినకండి. రుచి కోసం తినండి, దోశలోకి బాగుంటుంది. నూనె ఇంటికి రెండు సీసాలే ఇస్తాం. కావలసినవాళ్లు శుక్రవారంలోగా మెసేజ్ పెట్టండి.