గడ్డి మెషిన్లు ఆలస్యమైన సంగతి, ఫోర్ స్ట్రోక్ మీద నా మాట

మన కొట్లో ఫోర్ స్ట్రోక్ (ఆయిల్ వేరుగా పోసే ఇంజన్) గడ్డి కోసే మెషిన్ కొన్నవాళ్లలో తొమ్మిది మంది ఈసారి నా వల్ల ఇబ్బంది పడ్డారు. జీడిపిక్కలు రాలకముందే తోటలో తుప్పలు కొట్టించుకోవాల్సిన రోజుల్లో వాళ్ల మెషిన్లు నా షాపులో పడున్నాయి. కాశీబుగ్గకి మూడేసి సార్లు తిరిగినవాళ్లున్నారు. క్షమించండి.

పాడైనవి కార్బురేటర్లు, అంటే ఇంజన్‌కి పెట్రోలు, గాలి కలిపి పంపే భాగాలు. డీలరు పది రోజుల్లో పంపిస్తానన్నాడు, నలభై రోజులైంది. ఫోన్ చేసిన ప్రతిసారీ "లారీ ఎక్కించేశాం" అనే మాటే. మొదటి పార్సిల్ విప్పితే వేరే మోడలువి, బోల్టు రంధ్రాలే కలవలేదు. రెండోదాంట్లో ఉత్త గాస్కెట్లు! ఏళ్ల తరబడి ముందే డబ్బు కట్టి సరుకు తెచ్చుకున్న నన్ను ఇలా తిప్పుతాడని అనుకోలేదు. లెక్క తేల్చేసి వచ్చేశాను.

"టూ స్ట్రోకే (పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే ఇంజనే) నయం, అనవసరంగా మార్పించావు" అని కొందరు మొహం మీదే అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. రెండు వారాలు నిద్రపట్టక అదే ఆలోచించాను. టూ స్ట్రోక్ తేలిక, వాల్వులుండవు, రిపేరు సులువు. నిజమే. కానీ మందస వైపు నుంచి వచ్చిన ఒక టూ స్ట్రోక్ మెషిన్ విప్పితే పిస్టన్ మీద నిలువునా గీతలు, గోరు పెడితే తగులుతున్నాయి. కూలీ ఆయిల్ కలపకుండా వట్టి పెట్రోలు పోసేశాడు. పెట్రోల్లో కలిపే ఆ ఆయిలే దానికి ప్రాణం. లీటరుకి 20 మి.లీ. అయినా, 40 అయినా, కంపెనీ చెప్పినంత ప్రతిసారీ కొలవాలి. రోజుకో కూలీ మారే తోటలో ఎవరు కొలుస్తారు? ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ వేరుగా ఉంటుంది, పొద్దున్నే ఒకసారి మట్టం చూసుకుంటే చాలు. పెట్రోలూ తక్కువ తాగుతుంది.

కాబట్టి గడ్డి మెషిన్‌కి ఫోర్ స్ట్రోకే. ఎవరేమన్నా మార్చను. ఆటోలో మాత్రం పక్కకి పడుకోబెట్టి తేవద్దు, ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతుంది. చెట్లు కోసే రంపాలు ఎప్పటిలాగే టూ స్ట్రోకే అమ్ముతాను. 2018లో తిత్లీ తుపానుకి ఉద్దానంలో పడిపోయిన కొబ్బరి చెట్లు కోసినప్పుడు చూశాం కదా, రంపాన్ని ఎటంటే అటు వంచాల్సిందే; టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోల్లోనే ఉంటుంది కాబట్టి ఎలా వంచినా ఆడుతుంది.

కొత్త డీలరు దగ్గర ముందు స్పేర్లు కొన్నాను, మెషిన్లు ఆ తర్వాతే. ఆరు మెషిన్లు రెడీగా ఉన్నాయి, మిగతా మూడు శనివారానికి ఇస్తాను. లేబర్ చార్జీ తీసుకోను. బిల్లు పోయినా రండి, ఎవరికి ఏ మెషిన్ ఇచ్చానో నా పుస్తకంలో రాసే ఉంది.