ఆ వంద పౌండ్ల నోటీసు సంగతి

ఈస్ట్ హామ్, లండన్
నవంబరు, 2025

ఒరేయ్ శీనూ,

ముందు నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టెయ్, ఆ తర్వాత చదువు. దసరాకి రాస్తానన్నాను, దీపావళి కూడా వెళ్ళిపోయింది. ఫోన్ చేద్దామంటే నేను డ్యూటీ దిగేసరికి నువ్వు మంచి నిద్రలో ఉంటావు. పైగా ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు. కాగితం మీద పెడితే సునీతకి కూడా చదివి వినిపిస్తావు. తను ఇక్కడి కవెంట్రీకి బయలుదేరేలోపు ఇది మీ ఇంటికి చేరాలి.

నా సంగతులు గబగబా చెప్పేస్తా. ఒంట్లో బాగుంది. అదే ఫార్మసీ, అదే కౌంటర్, అదే ఇల్లు. చలి మొదలైంది, సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతోంది. అమ్మ పంపిన గోంగూర పచ్చడి అడుగంటింది.   అంతే.

మా పై గదిలో ఖమ్మం వైపు జంట ఉంటున్నారని చెప్పాను గుర్తుందా, నరేష్, శ్రావణి. నరేష్‌కి కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీలు. శ్రావణికి సెప్టెంబరులో పాప పుట్టింది. ఇంటి నిండా ఆ పిల్ల ఏడుపే, అయినా ఒక్కరం విసుక్కోవడం లేదు. డెలివరీ తర్వాత శ్రావణికి రక్తం తక్కువగా ఉందని జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు, ఐరన్ మాత్రలు రాశారు. నేను పనిచేసే చోటికే ప్రిస్క్రిప్షన్ వస్తుంది కాబట్టి వచ్చేటప్పుడు నేనే తెచ్చిస్తున్నా. పోయిన నెల ఒకరోజు సంచి చేతికిస్తుంటే, "అన్నయ్యా, ఇక మాత్రలు తేకు. నేను తోటకూర తింటున్నాలే" అంది. తోటకూర మంచిదే, కానీ ఆ మొహం తోటకూర గురించి మాట్లాడే మొహం కాదురా. గట్టిగా అడిగితే ఏడ్చేసింది. బియ్యం డబ్బా కింద నుంచి నాలుగు మడతలు పెట్టిన ఉత్తరం తీసి ఇచ్చింది. నరేష్‌కి చెప్పలేదట.

పెనాల్టీ ఛార్జ్ నోటీస్ అది. గర్భంతో ఉన్నప్పుడు, జూన్‌లో, పన్ను పుచ్చిందని డెంటల్ క్లినిక్‌లో ఫిల్లింగ్ చేయించుకుంది. గర్భిణులకి ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో, పంటి వైద్యం ఉచితం. దానికి నీకు అర్హత లేదు, లేకపోయినా ఉచితమని సంతకం పెట్టావు అని ఆ నోటీసు సారాంశం. వైద్యానికి 75.30 పౌండ్లు, జరిమానా 100, మొత్తం 175.30. మన డబ్బుల్లో ఇరవై వేల పైమాటే. 28 రోజుల్లో కట్టకపోతే ఇంకో 50 కలుస్తుంది. ఆ 28 అనే అంకె చుట్టూ శ్రావణి కాటుక పెన్సిల్‌తో సున్నా చుట్టింది. రోజూ తీసి చూసుకుంటోందేమో, మడతల దగ్గర కాగితం చిరగడానికి వచ్చింది.

తన భయం డబ్బు గురించి మాత్రమే కాదు. దీనివల్ల వీసా పోతుందని, పాపతో సహా వెనక్కి పంపేస్తారని ఎవరో వాట్సాప్ గ్రూపులో చెప్పారట. అందుకే ఎన్‌హెచ్‌ఎస్ పేరు చెప్పి ఇచ్చేది ఏదీ తీసుకోకూడదని నిర్ణయించేసుకుంది. ఐరన్ మాత్రలు వద్దంది అందుకే. పన్ను మళ్ళీ చూపించుకోమని ఇచ్చిన అపాయింట్‌మెంట్ కూడా క్యాన్సిల్ చేసేసింది. బాలింత, రక్తం లేని మనిషి! నాకు కోపం ఎక్కడికి వచ్చిందంటే... సరే, వరసగా చెబుతా.

ఇంగ్లండ్‌లో మందులు ఊరికే ఇవ్వరు, ఒక్కో మందుకి 9.90 పౌండ్లు కట్టాలి. (మన కార్డిఫ్ కిట్టుగాడికి ఈ బాధ లేదు. వాడుండే వేల్స్‌లో ఈ ఛార్జీ 2007లోనే తీసేశారు, స్కాట్లాండ్‌లో 2011లో తీసేశారు.) అరవై దాటినవాళ్ళకి, పదహారు లోపు పిల్లలకి, గర్భిణులకి, బిడ్డ పుట్టి ఏడాది నిండని తల్లులకి, కొన్ని జబ్బులున్నవాళ్ళకి, కొన్ని రకాల ప్రభుత్వ సాయం అందుకునేవాళ్ళకి మినహాయింపు ఉంది. ప్రిస్క్రిప్షన్ వెనక గళ్ళుంటాయి. మనకి వర్తించే గడిలో టిక్ పెట్టి సంతకం చేయాలి. నేను రోజంతా కౌంటర్లో నిలబడి అడిగేది అదే. ఆ టిక్కుల్లో కొన్నిటిని తర్వాత ఎప్పుడో కంప్యూటర్ రికార్డులతో సరిచూస్తారు. సరిపోలకపోతే ఉత్తరం వస్తుంది. అసలు ఛార్జీకి అయిదు రెట్లు జరిమానా, కాకపోతే వంద దాటదు. ఒక్క మందుకి తప్పు టిక్ పెడితే 9.90కి తోడు 49.50, వెరసి 59.40. పంటి వైద్యం ఖరీదు ఎక్కువ కాబట్టి అక్కడ ఫిల్లింగ్ దగ్గరే వంద తగిలిపోతుంది.

మరి శ్రావణికి అర్హత లేదా? నూటికి నూరుపాళ్ళు ఉంది! మిడ్‌వైఫ్, అంటే కాన్పు చూసే నర్సు, అప్పట్లోనే దరఖాస్తు పెట్టింది, మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ (ఆ మినహాయింపు పత్రమే) ఈమెయిల్‌లో వచ్చింది, ఫోన్‌లో భద్రంగా ఉంది. తనే చూపించింది. బిడ్డ పుట్టాక కూడా ఏడాది పాటు చెల్లుతుంది. ఇక ఈ నోటీసు ఎందుకొచ్చిందా అని రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని వంటింటి లైటు కింద కూర్చున్నా. దొరికింది రా. సర్టిఫికెట్ మీద పాస్‌పోర్టులో ఉన్నట్టు శ్రావణి ముందు, ఇంటిపేరు వెనక ఉన్నాయి. నోటీసు మీద తలకిందులు. ఇంటిపేరేమో మొదటి పేరయింది, శ్రావణి ఏమో చివరి పేరయింది. డెంటల్ రిసెప్షన్‌లో పేరు అడిగితే మన స్కూల్లో హాజరు పిలిచినట్టు ఇంటిపేరుతో మొదలుపెట్టి చెప్పిందట. వాళ్ళు విన్నది విన్నట్టు కొట్టేశారు. దానికి తోడు అడ్రసు ఇల్‌ఫర్డ్‌లోని పాత ఇంటిది. పేరు కలవక, పోస్ట్‌కోడ్ కలవక, ఇలాంటి మనిషికి సర్టిఫికెట్టే లేదని కంప్యూటర్ తేల్చింది. జరిమానా వేసేముందు ఒక విచారణ ఉత్తరం పంపామని నోటీసులో రాశారు. అది పాత ఇంటికి పోయి ఏ చెత్తబుట్టలో పడిందో. ఈ రెండోది ఆ ఇంటాయన మంచివాడు కాబట్టి తెచ్చిచ్చాడు, అప్పటికే గడువులో సగం పైగా కరిగిపోయింది.

నీకు తెనాలి స్టేషన్ గుర్తొచ్చి ఉంటుంది. పాసు నీ జేబులో ఉండగానే ఆ టీసీ నీ చేత ఫైను కట్టించాడే! ఆ రోజు నువ్వు ప్లాట్‌ఫాం మీద అన్న మాట నేను ఇప్పటికీ అమ్మ ముందు అనలేను. సరిగ్గా అదే మాట ఇక్కడ వంటింట్లో నా నోటికి వచ్చింది.

ఇది శ్రావణి ఒక్కదాని కథ కాదు, అదే నన్ను నిద్రపోనివ్వలేదు. ఇక్కడి నేషనల్ ఆడిట్ ఆఫీసు, అంటే మన కాగ్ లాంటిది, 2019లో దీని మీద రిపోర్టు ఇచ్చింది. 2014 నుంచి అప్పటిదాకా మందులకీ, పంటి వైద్యానికీ కలిపి 56 లక్షల నోటీసులు పంపారు. వాటిలో 17 లక్షల నోటీసులు వెనక్కి తీసుకున్నారు, ఆ మనుషులకి నిజంగానే మినహాయింపు ఉందని తేలి. అంటే పదిమందిలో ముగ్గురు. ఆ ముగ్గురూ ఉత్తరం చదివి, అర్థం చేసుకుని, ధైర్యంగా ఫోన్ చేసి, రుజువులు పంపిన వాళ్ళు. మరి శ్రావణిలా బియ్యం డబ్బా కింద దాచుకున్న వాళ్ళు? అప్పు చేసి కట్టేసినవాళ్ళు? వాళ్ళు ఏ లెక్కలో ఉన్నారు? అర్హత లేకుండా ఉచితంగా తీసుకునేవాళ్ళు లేరని నేను అనను, ఆ డబ్బు ఆసుపత్రులకి అవసరమే, వసూలు చేయాల్సిందే. కానీ తప్పు చేయలేదని ఋజువు చేసుకునే భారం వచ్చి ఒక బాలింత మీద పడుతోంది చూడు, అది నాకు మింగుడుపడటం లేదు.

ఆ ఫారాలు కూడా ఎంత చిక్కుగా ఉంటాయో కౌంటర్ ఇవతల నిలబడితే తెలుస్తుంది. తక్కువ ఆదాయం వాళ్ళకిచ్చే యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ సాయం 2013లో మొదలైంది. ఏళ్ళ తరబడి ప్రిస్క్రిప్షన్ వెనక దానికి గడే లేదు, నిరుద్యోగ భృతి గడిలో టిక్ పెట్టమనేవాళ్ళు. పోనీ ఆ సాయం వస్తే చాలా అంటే అదీ కాదు. నెల సంపాదన 435 పౌండ్లు దాటకూడదు, పిల్లలుంటే 935. నెలనెలా జీతం మారే మనిషి మందుల షాపులో నిలబడి ఆ లెక్క ఎలా చూసుకుంటాడు చెప్పు. అరవై దాటితే మందులు ఉచితం, పంటి వైద్యం ఉచితం కాదు. పెద్దవాళ్ళు ఎంతమంది ఇక్కడే బోల్తా పడతారో. మొన్న ఒక పెద్దాయన చేతికర్ర ఆనించుకుని, తన నోటీసు తెచ్చి చూపించాడు, చేతులు వణుకుతున్నాయి, నేను...

అదిగో, మళ్ళీ దారి తప్పాను. శ్రావణి సంగతికి వస్తా.

మర్నాడు నాకు సెలవు. ఇద్దరం కూర్చుని నోటీసు మీదున్న నంబరుకి ఫోన్ చేశాం. పాప ఒళ్ళో ఉంది. చాలాసేపు పాటలే వినిపించారు. శ్రావణి రెండుసార్లు "వద్దులే అన్నయ్యా, కట్టేద్దాం" అంది. చివరికి ఒకావిడ ఎత్తింది, మర్యాదగానే మాట్లాడింది. సర్టిఫికెట్ నంబరు చెప్పాం, పుట్టినతేదీ చెప్పాం, పేరు ఎలా తారుమారైందో చెప్పాం. ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పించుకుంది. ఇంటిపేరు చివరికొచ్చేసరికి శ్రావణి గొంతు నిలబడింది, తనే చెప్పడం మొదలుపెట్టింది. రుజువులు పంపమన్నారు. సర్టిఫికెట్, పాస్‌పోర్టు పేజీ, పాప జనన ధ్రువపత్రం, కొత్త అడ్రసు అన్నీ అదే పూట పంపేశాం. పంపినట్టు రుజువు కూడా దాచి పెట్టించాను.

వీసా భయం ముందు వదిలించాలి కదా. ఈ జరిమానా క్రిమినల్ కేసు కాదు, సివిల్ వ్యవహారం. వీసాకి అడ్డం పడే ఎన్‌హెచ్‌ఎస్ బాకీ వేరు. వైద్యానికి డబ్బు కట్టాల్సిన విదేశీయులు ఆసుపత్రి బిల్లు 500 పౌండ్లు, ఆపైన బాకీ పడితే వచ్చే సమస్య అది. ఈ జరిమానాలు పుట్టిందే 1999 నాటి హెల్త్ యాక్ట్‌లో. ఆ చట్టంలోనే ఒక మంచి మాట ఉంది: నేను తప్పుడు పని చేయలేదు, అజాగ్రత్తగానూ లేను అని చూపించగలిగితే పెనాల్టీ కట్టనక్కర్లేదు. ఆ మాట నోటీసులో పైనే పెద్ద అక్షరాలతో వేస్తే ఎంతమంది గుండె కుదుటపడుతుంది రా! డబ్బు అంకె మాత్రం ముందే కనబడుతుంది.

నిన్న జవాబొచ్చింది. నోటీసు వెనక్కి తీసుకున్నాం, ఏమీ కట్టక్కర్లేదు అని. శ్రావణి నా చేతిలోంచి లాక్కుని రెండుసార్లు చదివి, పాపకి చదివి వినిపించి, అప్పుడు నరేష్‌ని నిద్రలేపింది. అతనికి అప్పుడే మొత్తం తెలిసింది. డబ్బు గురించి కాదు, ఇన్నాళ్ళు తనకి చెప్పకుండా ఒక్కతే మోసిందని బాధపడ్డాడు. నాతో కూడా కాసేపు మాట్లాడలేదు. తర్వాత... వాళ్ళిద్దరి మధ్య మాట అది, నేను రాయకూడదు. మాత్రలు మాత్రం మళ్ళీ మొదలుపెట్టింది. రాత్రి నాకు గుత్తి వంకాయ పెట్టారు.

ఇప్పుడు సునీత గురించి. జాగ్రత్తగా విను. వీసాతోపాటు ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌ఛార్జ్ కట్టారు కదా, ఇక మందులన్నీ ఊరికే అనుకుంటారు అందరూ. కాదు, ఇంగ్లండ్‌లో మందులకీ పంటికీ మళ్ళీ కట్టాలి. సునీత థైరాయిడ్ హార్మోన్ తక్కువని మాత్ర వేసుకుంటుంది కాబట్టి తనకి మెడికల్ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ వస్తుంది. జీపీ దగ్గర రిజిస్టర్ అవగానే ఆ ఫారం అడగమను. అయిదేళ్ళు చెల్లుతుంది, దానితో అన్ని మందులూ ఉచితం. కానీ పంటి వైద్యానికి అది పనికిరాదు, మర్చిపోవద్దను. సర్టిఫికెట్ చేతికి రాకముందు ఆ గడిలో టిక్ పెట్టొద్దు. అప్పటిదాకా డబ్బు కట్టి, కట్టేటప్పుడే ఎఫ్‌పీ57 అనే రసీదు అడిగి తీసుకుంటే మూడు నెలల్లోపు వెనక్కి అడగొచ్చు, తర్వాత అడిగితే ఆ రసీదు ఇవ్వరు. అన్నిటికన్నా ముఖ్యం, జీపీ, డెంటిస్టు, ఫార్మసీ, ఎక్కడైనా పాస్‌పోర్టులో ఉన్న వరసలోనే పేరు చెప్పాలి. ఇల్లు మారిన వారమే అందరికీ కొత్త అడ్రసు ఇవ్వాలి. ఇక ఏ ఉత్తరం వచ్చినా దాచుకోకుండా నాకు ఫోటో తీసి పంపమను, నేనేమీ అనుకోను, ఏ రాత్రయినా సరే.

మీ బావగారికి కూడా చెప్పు, ఆయన కంపెనీ వాళ్ళిచ్చే డెంటల్ ఇన్సూరెన్స్ ఏదో ఉంటుంది, దాని కాగితాలు ఒకసారి... అయ్యో, ఒంటిగంట అవుతోంది, రెండింటికి కౌంటర్లో ఉండాలి, దారిలోనే పోస్టాఫీసు. అమ్మగారికి నమస్కారాలు చెప్పు. నీ పొలం గొడవ ఏమైందో రాయి, నేను అడగటమే మర్చిపోయా

నీ
రవి