పసుపు రంగు సీకో వాచీలు అమ్మడం లేదు, అడ్వాన్సులు వెనక్కి ఇచ్చేస్తున్నాను

అందరికీ నమస్కారం. పసుపు డయల్ సీకో 6139 క్రోనోగ్రాఫ్‌లు (స్టాప్‌వాచ్ కూడా ఉన్న పాత చేతి వాచీలు) వస్తున్నాయని చెప్పి మీలో కొందరి దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాను. 1973లో స్కైల్యాబ్ 4 యాత్రలో అంతరిక్షానికి వెళ్లిన అమెరికన్ వ్యోమగామి విలియం పోగ్ చేతికి ఉన్న రకం అది. సరుకు వచ్చింది. అమ్మను.

ముంబై నుంచి నాకు ఏళ్లుగా సరుకు ఇస్తున్న డీలరే పంపాడు. పార్సిల్ విప్పగానే ఆ మెరుపు చూసి అనుమానం వచ్చింది. యాభై ఏళ్ల వాచీ అంత నిగనిగలాడదు. పట్టీ తగిలించే చోట పదునుగా ఉండాల్సిన అంచులు పాలిష్ చక్రం కింద అరిగి, వాడిన సబ్బుబిళ్లలా గుండ్రబడ్డాయి. ఐగ్లాస్ (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టి చూస్తే డయల్ మీది అక్షరాల చుట్టూ రంగు పాకి ఉంది, అంటే డయల్‌కు మళ్లీ రంగేశారు. కింద, ఆరు అంకె దగ్గర ఉండాల్సిన సన్నటి డయల్ కోడ్ లేనే లేదు.

ఒకటి మరీ ఘోరం. వెనక మూత మీద సీరియల్ నంబర్ 6తో మొదలైంది. ఆ కాలపు సీకో సీరియల్‌లో మొదటిది సంవత్సరంలోని చివరి అంకె, రెండోది నెల. 6139 వచ్చిందే 1969లో కాబట్టి ఇది 1966ది కాదు, 1976 వాచీ. మూత మీద 'వాటర్ రెసిస్టెంట్' అని సరిగ్గానే ఉంది. డయల్ మీద మాత్రం 'ప్రూఫ్' అని అచ్చేశారు. సీకో ఆ మాటను 1970 ప్రాంతంలోనే మానేసింది. రంగేసినవాడు మూత తిప్పి కూడా చూడలేదు!

ఫోన్ చేస్తే, "సొంత ఖర్చుతో కొత్తవాటిలా చేయించి పంపాను, పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుతోంది. మీకు తెలియదని కాదు ఆయన ధైర్యం, నాకు తెలియదని. డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు.

నాకు నిద్ర లేకుండా చేసింది తర్వాతి సంగతి. బిల్లు మీద 'రీడయల్' (డయల్‌కు మళ్లీ రంగేసింది) అని రాసి తక్కువ ధరకు అమ్మేయొచ్చు. మీలో ఒకరిద్దరు తీసుకుంటామన్నారు కూడా. చెప్పి అమ్మితే తప్పేంటని ఇంట్లోనూ అడిగారు. తప్పేం లేదు. కానీ వాచీ మీ దగ్గరే ఆగిపోదు కదా. ఇంకో ఇద్దరి చేతులు మారేసరికి బిల్లు పోతుంది, ఫలానా షాపులో కొన్నదన్న మాట మాత్రం మిగులుతుంది. ఆ షాపు నాది. దీన్ని మొండితనం అంటే అనండి.

లోపలి మూవ్‌మెంట్‌లు (వాచీని నడిపే యంత్రాలు) అసలైనవే. వాటిని విప్పి పార్ట్స్ కింద ఉంచుతున్నాను. సీకో వీటిని ఆపేసి చాలాకాలమైంది కాబట్టి, సర్వీస్‌కి వచ్చే మీ 6139లకు అవి పనికొస్తాయి. వాటి ధర మీ బిల్లులో వేయను.

అడ్వాన్స్ ఈ వారంలోనే మీ ఖాతాలో పడుతుంది. ఇకమీదట డయల్‌ను కేస్‌లోంచి బయటికి తీసి, నేను కళ్లారా చూశాకే అడ్వాన్స్ అడుగుతాను. దానివల్ల సరుకు తగ్గుతుంది, ధర కొంత పెరుగుతుంది. సర్వీస్‌కి ఇచ్చిన వాచీల గురించి టెన్షన్ వద్దు, మీరు రాసిస్తే తప్ప ఎవరి డయల్‌కీ, కేస్‌కీ మెరుగు పెట్టం. "ఆ ఒక్కటి మాత్రం నాకిచ్చేయండి" అని దయచేసి ఫోన్ చేయకండి. శుక్రవారమే విప్పేశాను.